ఫ్లోరోయురాసిల్ క్రీము: నా బట్టతల మీద మూడు వారాల మంట

ఐదు శాతం ఫ్లోరోయురాసిల్ క్రీము గురించి తెలుగులో ఎవరైనా వివరంగా రాశారేమోనని వెతికాను. దొరికినవన్నీ బొల్లికి, పులిపిర్లకు వాడినవాళ్ల కబుర్లే. నేను వాడింది ఎండకు దెబ్బతిన్న తోలుకు. డాక్టర్లు దాన్ని యాక్టినిక్ కెరటోసిస్ అంటారు. వాడటం అయిపోయింది, తోలు మానింది, మొన్న చెకప్ కూడా అయింది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమస్తాని. కుర్రతనం నుంచీ అదే పని. లారీలోంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగేటప్పుడు, కాటా వేసేటప్పుడు, కొనేవాళ్లు కాయ విరిచి చూసేటప్పుడు ఎండలో నిలబడాల్సిందే. దానికి తోడు నాది మా అమ్మ పోలిక, ఎర్రగా బుర్రగా ఉంటాను. జుట్టేమో పెళ్లయిన కొత్తల్లోనే సెలవు పుచ్చుకుంది. అరవై దాటేసరికి నడినెత్తిన, నుదుటి మీద, కుడి చెవి అంచున గరుకు మచ్చలు తేలాయి. కంటికి పెద్దగా ఆనవు, చేత్తో తడిమితే ఉప్పుకాగితమే. గిల్లితే పొలుసు రాలుతుంది, నాలుగు రోజులకు మళ్లీ అక్కడే లేస్తుంది. గుండు గీసే ప్రతిసారీ మా మంగలి “ఇక్కడ కత్తి తగులుకుంటోంది బాబాయ్” అనేవాడు. నిజానికి నా జబ్బును మొదట పట్టింది అతనే. మెడికల్ షాపుల వాళ్లయితే ఏళ్ల తరబడి తామర క్రీములే చేతిలో పెట్టారు.

కొత్తపేటలో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే లైటున్న భూతద్దం పెట్టి నెత్తంతా చూసింది. “ఇది తెల్లవాళ్లలో ఎక్కువండీ, మనవాళ్లలో అరుదు. అందుకే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం, అనుమానం ఉండకూడదు” అంది. రిపోర్టు ఆమె అనుకున్నట్టే వచ్చింది. ఇది క్యాన్సర్ కాదు. వదిలేస్తే మాత్రం ఈ మచ్చల్లో ఏవో కొన్ని స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌గా తిరగొచ్చు. ఏది తిరుగుతుందో ముందే చెప్పలేరు. ఒకటో రెండో మచ్చలైతే ద్రవ నైట్రోజన్ పెట్టి గడ్డకట్టించి రాల్చేస్తారట. నాకు నెత్తి మొత్తం చెడింది, కనబడేవాటి పక్కన కనబడనివి ఇంకెన్నో ఉన్నాయి. అందుకని క్రీము రాసింది.

మందు చీటీ పట్టుకుని వెళ్తే మొదటి షాపులో లేదన్నారు, రెండో షాపులో “పులిపిర్లకా సార్?” అన్నారు. ఇది రోజూ అమ్ముడయ్యే సరుకు కాదు కాబట్టి చాలామంది పెట్టుకోరు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి తెప్పించి ఇచ్చారు. చిన్న గొట్టం, తెల్లటి క్రీము. నా ముక్కుకు వాసనేమీ తెలియలేదు. (మిర్చి యార్డులో ముక్కు ఎప్పుడో అరిగిపోయింది కాబట్టి నా మాట నమ్మకండి.) డబ్బాలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంది, అంతా ఇంగ్లీషే. కంటద్దాల మీద భూతద్దం పెట్టినా చదవలేనంత చిన్న అక్షరాలు. ఒక మార్కు అక్కడే కోస్తున్నాను.

ఇంట్లో అసలు గొడవ మందు పేరుతో మొదలైంది. మా ఆవిడ ఫోన్‌లో ఎవరినో అడిగింది, అది కీమోథెరపీ మందని వాళ్లు చెప్పారు. ఇక చూడండి. “ఏమండీ, నా దగ్గర ఏదో దాస్తున్నారు” అని అన్నం మానేసి కూర్చుంది. మా చిన్నమ్మాయి ఎం.ఫార్మసీ చేసింది. అది వచ్చి వాళ్లమ్మను, పనిలో పనిగా నన్నూ కూర్చోబెట్టి చెప్పింది.

మన ఒంట్లో ఒక కణం రెండుగా విడిపోవాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు తీసుకోవాలి. నకలుకు కావాల్సిన సరుకుల్లో థైమిన్ ఒకటి. దాని తయారీకి థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. యురాసిల్ అనే పదార్థం మన కణాల్లో మామూలుగానే ఉంటుంది. దానికి ఐదో స్థానంలో ఒక ఫ్లోరిన్ పరమాణువును తగిలిస్తే ఈ మందు అవుతుంది. చూడటానికి యురాసిల్‌లా ఉంటుంది కాబట్టి కణం లోపలికి రానిస్తుంది. లోపలికెళ్లాక ఆ ఎంజైమ్‌ని పట్టుకుని వదలదు. థైమిన్ లేక నకలు ఆగిపోతుంది, కణం చస్తుంది. ఎండకు చెడిన కణాలు అదుపు లేకుండా విడిపోతుంటాయి, అందుకని దెబ్బ ఎక్కువగా వాటికే. ఈ మందును 1957లో అమెరికాలో, విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఛార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం వెలుగులోకి తెచ్చింది. ఎలుకల కాలేయంలోని క్యాన్సర్ గడ్డలు యురాసిల్‌ను మామూలు కణాలకన్నా ఎక్కువగా లాక్కుంటున్నాయని గమనించి ఆ దారి పట్టారు. తర్వాత క్యాన్సర్ రోగులకు సూది మందుగా ఇస్తుంటే, కొందరి మొహాల మీద ఎండ మచ్చలు ఎర్రబడి వాటంతటవే రాలిపోయాయి. దాన్ని చూసి క్రీముగా చేశారు, 1970లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది.

“అంటే నాన్నా, పేరు కీమోనే. కానీ తోలు మీద రాస్తే రక్తంలోకి వెళ్లేది చాలా కొంచెం. వాంతులవుతాయని, జుట్టు రాలుతుందని భయపడక్కర్లేదు” అంది. రాలడానికి నా దగ్గర ఏముంది అన్నాను. మా ఆవిడ అప్పుడు నవ్వి కంచం ముందుకు లాక్కుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పెద్ద లెక్క. గుంటూరులో ఈ క్రీము వాడేవాళ్లు ముందు క్యాలెండర్ చూసుకోవాలి. క్రీము రాసిన చోట ఎండ తగిలితే మంట రెట్టింపవుతుంది. యార్డుకు సెలవులిచ్చేది ఎండాకాలంలోనే. ఇంట్లో ఉండొచ్చు కదా అనిపిస్తుంది, కానీ మే నెలలో మన ఊళ్లో కిటికీ పక్కన కూర్చున్నా మాడిపోతాం, చెమటకు క్రీము జారి కళ్లలోకి దిగుతుంది. సంక్రాంతి దాటితే కొత్త పంట రావడం మొదలు, ఫిబ్రవరి నుంచి ఊపిరాడదు. తేజ రకం మిర్చి టిక్కీలు గుట్టలుగా పడి ఉన్నచోట ఘాటుకు మామూలు మనిషికే కళ్లు మండుతాయి, తోలు లేచిన నెత్తితో అక్కడ నిలబడటం ఊహించుకోండి. ఇక మిగిలింది కార్తీకం వెళ్లాక సంక్రాంతికి ముందు వచ్చే చలిరోజులు. అప్పుడు కోల్డ్ స్టోరేజీ సరుకే నడుస్తుంది, పని పల్చగా ఉంటుంది. మా షావుకారు గారు కూడా “కొత్త కాయ రాకముందే కానిచ్చేయండి” అన్నారు. పండక్కి పెద్దల్లుడు వస్తాడు, అప్పటికి మొహం మొహంలా ఉండాలని మా ఆవిడ షరతు.

రాసే పద్ధతి పైకి తేలికగా కనిపిస్తుంది. రోజుకు రెండుసార్లు, నాకు మూడు వారాలు రాసిచ్చారు. కొందరికి రెండు, కొందరికి నాలుగు. ముందు మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. పూర్తిగా ఆరేదాకా, ఒక పది నిమిషాలు ఆగాలి. తర్వాత చేతికి గ్లోవ్ వేసుకుని పల్చగా, మచ్చల మీదే కాకుండా డాక్టర్ గీసి చూపించిన మేరంతా పూయాలి. ఎక్కువ రాస్తే తొందరగా తగ్గుతుందనుకోవద్దు, మంట మాత్రం తొందరగా వస్తుంది. కంటి కొసలు, ముక్కు పుటాలు, పెదవులు తప్పించాలి. గ్లోవ్ తీశాక కూడా చేతులు సబ్బుతో కడగాలి. రాత్రిపూట నిద్రకు చాలా ముందే రాసుకునేవాణ్ణి, లేకపోతే సగం మందు దిండు తాగేస్తుంది. దిండు మీద వేసే తువ్వాలును విడిగా ఉతికేవాళ్లం.

తువ్వాలు గురించి ఇంత చెప్పడానికి కారణం మా ఇంటి పిల్లి. అది నా తల పక్కనే పడుకుంటుంది. కుక్కలు, పిల్లులు ఈ క్రీమును నాకితే ప్రాణం పోవచ్చు. గొట్టం కొరికి చచ్చిపోయిన పెంపుడు జంతువుల కేసులు రావడంతో అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. గొట్టాన్ని బీరువా పై అరలో పెట్టి తాళం వేశాం, పిల్లికి ఆ నెలంతా మా గదిలోకి ప్రవేశం లేదు. తాతయ్య గుండు మీద తబలా వాయించే మనవడికీ అదే శిక్ష. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఈ క్రీము వాడకూడదు. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే గ్లోవ్, తువ్వాలు లాంటివి కూడా ముట్టుకోకుండా చూడండి.

మొదట్లో కొన్నాళ్లు ఏమీ జరగలేదు. డబ్బులు దండగ అనుకుంటుండగా వారం తిరిగేసరికి గులాబీ రంగు మొదలైంది. తర్వాత జరిగింది చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. అసలు మచ్చే లేదనుకున్న నుదుటి మధ్య భాగంలో, ఎడమ కణత మీద చుక్కలు చుక్కలుగా ఎరుపు తేలింది. అదే క్రీము పక్కనున్న మంచి తోలుకు తగిలినా అక్కడ కొంచెం కందిందంతే. డాక్టరమ్మ చెప్పిన కనబడని మచ్చలు అవే. ఏళ్లుగా లోపల కూర్చున్నవన్నీ పేరు పిలిస్తే లేచి నిలబడ్డట్టయింది. అద్దంలో చూసుకుంటే నా ఎండ చరిత్ర అంతా అక్కడే ఉంది. కాటా దగ్గర ఎప్పుడూ కుడివైపు తిరిగి నిలబడతాను, కుడి చెవి, కుడి కణతే ఎక్కువ మండాయి.

రెండో వారం దాటాక ఎరుపు కాస్తా పుండయింది. పొక్కులు, రసి, పైన పసుప్పచ్చ చెక్కు. నీళ్లు తగిలితే మంట, గాలి తగిలితే మంట. మా ఆవిడ ఎండుమిరపకాయ తాలింపు పెడితే నేను డాబా మెట్ల మీదికి పరిగెత్తేవాణ్ణి. ఆఖరికి ఆ రోజుల్లో మా ఇంట్లో మిరియాల చారే. మిర్చి యార్డు గుమస్తా ఇంట్లో మిరపకాయ లేకపోవడం వంశంలో ఇదే మొదటిసారి.

చూసినవాళ్లు ఊరుకుంటారా? పక్కింటావిడ గేటు బయటే ఆగి “అమ్మవారు పోసిందా అన్నయ్య గారూ?” అంది. ఇంకొకాయన సర్పి అని తేల్చేసి జాజు పూయించుకోమన్నాడు. ముఠా మేస్త్రి ఒకరోజు ఇంటికొచ్చి “గుమస్తా గారూ, నూనె పడిందా?” అని నిజంగానే బాధపడ్డాడు. ప్రతి ఒక్కరికీ థైమిడిలేట్ సింథేజ్ గురించి చెప్పలేం కదా, “స్కిన్ ట్రీట్‌మెంట్” అని ముగించాను. పసుపు, కలబంద, కొబ్బరినూనె సలహాలు ఎవరి దగ్గర్నుంచి వచ్చినా తల ఊపి వదిలేశాను.

ఒక్క సలహా మాత్రం ప్రమాదకరమైంది, అందుకే రాస్తున్నాను. దూది కోసం వెళ్తే ఒక మెడికల్ షాపులో నన్ను చూసి “అయ్యో బాబాయ్ గారూ, రియాక్షన్ ఇచ్చింది. అది ఆపేసి ఇది రాయండి” అని ఒక స్టెరాయిడ్ గొట్టం కౌంటర్ మీద పెట్టాడు. ఈ మందు పనిచేసే తీరే అది. ఎర్రబడి, పుండై, చెక్కు కట్టి రాలడం, కింద కొత్త తోలు రావడం. మధ్యలో ఎవరో చెప్పారని ఆపేస్తే పడ్డ మంటంతా వృథా. అలాగని దేన్నైనా ఓర్చుకోమనడం లేదు. చీము పట్టినా, జ్వరం వచ్చినా, కళ్లు వాచినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. డీపీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవాళ్లు కొద్దిమంది ఉంటారు, వాళ్ల ఒంట్లో ఈ మందు విరగక పేరుకుపోతుంది. క్రీము మొదలుపెట్టాక విపరీతంగా విరేచనాలు, కడుపునొప్పి, నోటిపూత వస్తే అది మామూలు మంట కాదు, వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఏది మామూలో ఏది కాదో తేల్చాల్సింది రాసిచ్చిన డాక్టర్. మా డాక్టరమ్మ వారానికోసారి ఫోటో పంపమంది, ఫోటో చూసి “బాగుంది, ఇలాగే ఉండాలి” అని జవాబిచ్చేది. ఆ పుండు ఫోటోకి బాగుంది అనడం చూసి మా ఆవిడకు ఒళ్లు మండేది.

ఆపిన తర్వాత వ్యాసలీన్ మాత్రమే. చెక్కులు పీకకుండా వాటంతటవి రాలనివ్వాలి. రెండు వారాలు దాటేసరికి లేత గులాబీ తోలు వచ్చేసింది. సంక్రాంతికి అల్లుడు “మామయ్య గారు నిగనిగలాడుతున్నారు” అన్నాడు, ఏమీ తెలియనట్టు ఊరుకున్నాం. ఎరుపు పూర్తిగా పోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. కణత దగ్గర కొంచెం నల్లబడి ఉండిపోయింది. మన రంగు తోళ్లకు మంట తగ్గాక నలుపు మిగలడం మామూలేనట, నెమ్మదిగా పోతుందన్నారు. చామనఛాయ వాళ్లు దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

పనిచేసిందా అంటే, చేసింది. చేత్తో తడిమితే నెత్తి నున్నగా ఉంది. మంగలి కత్తి ఎక్కడా ఆగడం లేదు. చెవి అంచున ఒకటి మాత్రం మొండికేసింది, దాన్ని గడ్డకట్టించి తీశారు. నా ఒక్కడి మాట నమ్మక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో 624 మంది మీద నాలుగు రకాల చికిత్సలు పోల్చి చూసి 2019లో ఫలితాలు ప్రచురించారని చిన్నమ్మాయి చూపించింది. ఏడాది తర్వాత మచ్చలు నాలుగింట మూడు వంతులైనా తగ్గినవాళ్లు ఈ క్రీముతో వందకు దాదాపు 75 మంది. ఇమిక్విమోడ్ క్రీముతో 54, మందు రాసి లైటు పెట్టే చికిత్సతో 38, ఇంజెనాల్ జెల్‌తో 29. అమెరికాలో మాజీ సైనికులు 932 మంది మీద చేసిన ఇంకో పరీక్షలో, ఒక్కసారి కోర్సు వాడితే మొదటి ఏడాదిలో ఆపరేషన్ అవసరమయ్యే స్క్వామస్ క్యాన్సర్లు 75 శాతం తగ్గాయి. ఆ మేలు తర్వాతి ఏళ్లలో నిలవలేదు. అందుకే డాక్టరమ్మ చెకప్‌లకు రమ్మంటూనే ఉంది, అవసరమైతే ఇంకోసారి రాయాల్సి రావచ్చని కూడా అంది.

సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రియాల్‌ను దీనితో కలిపి రాస్తే నాలుగు రోజుల్లో పని అయిపోతుందని 2017లో ఒక పరిశోధన వచ్చింది. మా అమ్మాయి అదే అడిగింది. నా తోలుకు పాత పద్ధతే మంచిదని డాక్టరమ్మ అంది. నాలుగు రోజుల మాట విన్నాక ఆ మూడు వారాలు ఇంకా పొడుగ్గా గడిచాయి, వినకుండా ఉన్నా బాగుండేది.

ఇప్పుడు పొద్దున్నే సన్‌స్క్రీన్, మధ్యాహ్నం మళ్లీ ఒకసారి, తల మీద వెడల్పు అంచు టోపీ. యార్డులో కుర్రాళ్లు దొరగారు వచ్చారంటారు, అననివ్వండి. గుండుకి సన్‌స్క్రీన్ ఖర్చు జుట్టున్నవాళ్లకు తెలియదు, క్రీముకన్నా దానికే ఎక్కువవుతోంది.

మార్కులు ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ తెలుగు లేని కాగితానికి. మంటకు తగ్గించలేదు, దాని పనే అది. గొట్టంలో కొంచెం మిగిలింది. ముఠా మేస్త్రి వాళ్లబ్బాయి చేతికి పులిపిరి ఉందట, “ఎలాగూ పారేసేదే కదా గుమస్తా గారూ” అని అడిగాడు. ఇవ్వలేదు, డాక్టరమ్మ అడ్రసు ఇచ్చాను. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు కుర్రాణ్ణి తీసుకెళ్లి చూపించుకొచ్చాడు. ఆవిడ వేరే మందు రాసిందట.